మిక్స్ ప్యాకెట్‌లో రంగులు ఎటు పోయాయి? ఒంగోలు శివారులో ఒక పెరటి తోట కేసు

రంగురంగుల పొద్దుతిరుగుడు ప్యాకెట్ కొని నాటితే పసుపు తప్ప ఇంకో రంగు రాలేదని నాకు ఫోన్ చేసేవాళ్లు ఏటా ఉంటారు. అందరూ చెప్పే కారణం ఒకటే: విత్తనం నకిలీ. అది నిజమైన సందర్భాలూ ఉంటాయి. విత్తనం నిక్కంగా ఉండి కూడా రంగులు పోయిన కేసు ఇది. ఎక్కడెక్కడ పోయాయో ఒక్కో మెట్టు వెనక్కి వెళ్లి పట్టుకోగలిగాం కాబట్టి రాస్తున్నాను. ఇంటివారి పేరు, వీధి, కాలనీ చెప్పడం లేదు.

నేపథ్యం

ఆవిడ రిటైరైన టీచరు. ఇంట్లో ఆవిడా, భర్తా. పిల్లలు హైదరాబాద్‌లో. ఇల్లు తూర్పు ముఖం. ముందు చిన్న ఖాళీ, వెనక పడమర వైపు కాస్త పెద్ద పెరడు. నేల నల్లరేగడి. వాన పడితే చెప్పులకు అంటుకుని వదలదు, ఎండితే వేలు దూరేంత నెర్రెలిస్తుంది. నీళ్లకు బోరు ఉంది, మున్సిపాలిటీ కుళాయి రోజు మార్చి రోజు వస్తుంది. ప్రహరీ అవతల ఖాళీ ప్లాటు నిండా వయ్యారిభామ కలుపు. ఇంకాస్త దూరంలో శనగ, పొగాకు వేసే పొలాలు.

ఆవిడకు కూరగాయల మీద మంచి పట్టుంది. ఆ చేతి వంకాయలు నేనూ తిన్నాను. ఈ కేసు అర్థం కావాలంటే ఆ సంగతి గుర్తుంచుకోవాలి. కూరగాయల్లో పనికొచ్చిన అలవాట్లే ఇక్కడ ఎదురు తిరిగాయి.

వచ్చిన సమస్య

నవంబరు ఆఖరులో నేను వెళ్లేసరికి ఇంటి ముందు మడిలో రెండో విడత మొక్కలు పూతమీద ఉన్నాయి. అన్నీ పసుపే. గోడకు ఆనించి పెట్టిన ప్యాకెట్ మీద మాత్రం ముదురు ఎరుపు, కాఫీ గోధుమ, నిమ్మపసుపు, ఎర్ర వలయం ఉన్న పసుపు, ఇన్ని రకాల బొమ్మలున్నాయి.

"సార్, ఒక్క ఎర్ర పువ్వైనా లేదు. పైగా ఉన్నవి కూడా రోడ్డు వైపే చూస్తున్నాయి. వరండాలో కూర్చుంటే నాకు వీపులే కనిపిస్తున్నాయి" అన్నారు. మనవరాలు సంక్రాంతికి వస్తుంది, అప్పటికి రంగుల పూలు చూపించాలని ఆవిడ కోరిక.

రెండో ఫిర్యాదుకు జవాబు సులువు. లేత మొక్కల తలలు పొద్దు వెంట తిరుగుతాయి. పువ్వు విచ్చుకుని కాడ గట్టిపడ్డాక తల తూర్పు ముఖంగా నిలిచిపోతుంది. తూర్పు ముఖం ఇంటికి ముందు వైపు నాటితే పూల ముఖాలు ఎప్పుడూ వీధికే. ఇంట్లోంచి కనిపించాలంటే పెరట్లో, పడమటి గోడ దగ్గర నాటాలి. అప్పుడు వెనక గుమ్మంలో నిలబడితే పూలన్నీ మనవైపే ఉంటాయి. అయితే పొద్దున ఇంటి నీడ పెరట్లో పడుతుంది కదా. చలికాలంలో ఆ నీడ ఎంతదాకా వస్తుందో ఆవిడ చేతే తొమ్మిదింటికి, పదింటికి ముగ్గుపిండితో గీత గీయించాను. గోడ వారగా ఉన్న పట్టెడు నేలకు తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం దాకా ఎండ ఉంది. ఈ మొక్కకు రోజుకు ఆరు గంటల ఎండ చాలు కనుక ఆ చోటు ఖాయం చేశాం.

మొదటి ఫిర్యాదే అసలు పని.

అంతకుముందు ఏం జరిగింది

మొదటిసారి జూన్‌లో వేశారు. ప్యాకెట్‌లో యాభై దాకా గింజలుంటే, పళ్లెంలో పోసి లావుగా, నిండుగా ఉన్నవి ఏరుకున్నారు. సన్నగా చారలతో ఉన్నవి "తాలు గింజల్లా ఉన్నాయి" అని మళ్లీ ప్యాకెట్‌లోనే పోసి ఫ్రిజ్‌లో పెట్టారు. పాదుకు రెండేసి గింజలు వేసి, మొలిచాక బలమైనది ఉంచి రెండోది పీకేశారు. పశువుల ఎరువు దండిగా వేశారు, మజ్జిగ నీళ్లు, బియ్యం కడుగు పోశారు. బోరు నీళ్లు పెట్టారు. మొక్కలు ఆవిడ తల దాటి పెరిగి ఆగస్టులో పూశాయి. అన్నీ పసుపు. ఒక మూలన మోకాలెత్తు మొక్కకు మాత్రం ఆలస్యంగా ఒక చిన్న గోధుమరంగు పువ్వు వచ్చింది. తెగులు పట్టిందనుకున్నారు.

అన్నిటికన్నా పెద్ద పువ్వును ముదరనిచ్చి గింజ తీశారు. ఆ గింజనే సెప్టెంబరు ఆఖరులో మళ్లీ వేశారు. అక్టోబరు వానలకు మడిలో నీళ్లు నిలిచి కొన్ని మొదలు కుళ్లి పడిపోయాయి. నిలబడ్డవి నేను చూసిన మొక్కలు. మళ్లీ పసుపే.

దుకాణానికి వెళ్లి అడిగితే "ఎండకు రంగు మారుతుందమ్మా" అన్నారట. ఆ మాటలో కొంత నిజం ఉంది గానీ, మొత్తం సమస్యకు అది సమాధానం కాదు.

అనుమానాలు ఒక్కొక్కటిగా

విత్తనం నకిలీయా? దీన్ని ముందు తేల్చాలి, ఎందుకంటే నకిలీ అయితే తక్కినదంతా అనవసరం. ఫ్రిజ్‌లో మిగిలిన గింజల్ని స్టీలు పళ్లెంలో పోయించాను. బూడిద తెలుపు చారలవి, గోధుమ మచ్చలవి, సన్నగా పొడుగ్గా ఉన్నవి, గుండ్రటి చిన్న నల్లవి, నాలుగైదు రకాలుగా ఉన్నాయి. పొలంలో వేసే నూనె రకం గింజ అంతా ఇంచుమించు ఒకే తీరు నలుపు. దాన్నే పొట్లం కట్టి అమ్మితే ఇంత తేడా ఉండదు. గింజ పొట్టు రంగును బట్టి పువ్వు రంగు చెప్పలేం. పొట్టు తల్లి మొక్కది. కానీ రకరకాల పొట్టు ఉందంటే రకరకాల తల్లులున్నాయని అర్థం. పైగా ఆవిడ ఫోన్‌లో ఆ "తెగులు" పువ్వు ఫోటో ఉంది. రేకుల మొదట్లో కాఫీ రంగు, కొసల్లో పసుపు, ఎక్కడా కుళ్లు లేదు. అది తెగులు కాదు, ప్యాకెట్ బొమ్మలో ఉన్న రకమే.

ఎండ వల్లా? ఈ పూలలో పసుపు ఒక వర్ణకం, దాని మీద పరుచుకునే ఎరుపు ఇంకో వర్ణకం. ఆంథోసయనిన్ అనే ఆ ఎరుపు వేడికి పలచబడుతుంది. మన ఆగస్టు ఉక్కలో ముదురు ఎరుపు ఇటుక రంగుకు దిగవచ్చు. అంతేగానీ మడి మొత్తం స్వచ్ఛమైన పసుపు కాదు. వేడి వల్ల రంగు తగ్గుతుంది, మాయం కాదు.

తేనెటీగల వల్ల రకాలు కలిసిపోయాయా? మొదటి విడతకు ఇది వర్తించదు. పరాగం ఎవరిదైనా ఆ ఏడు పువ్వు రంగు మారదు, దాని గింజలోంచి వచ్చే తరానికే తేడా. రెండో విడతకు మాత్రం ఇది ముఖ్యమైన ప్రశ్న. ఇక్కడ ఒక పాత సంగతి పనికొచ్చింది. ఇవాళ్టి ఎర్ర పొద్దుతిరుగుళ్లకు మూలం అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని బౌల్డర్ దగ్గర 1910లో విల్మట్ కాకరెల్ అనే ఆవిడ కంటబడిన ఒక్క మొక్క. ఆవిడా, భర్త థియొడోర్ కాకరెల్ దాన్ని మామూలు పసుపు మొక్కలతో కలిపితే వచ్చిన పిల్లల్లో సుమారు సగం ఎర్రవి. అంటే ఎరుపు దాగేది కాదు, ఒక్క వైపు నుంచి వచ్చినా బయటపడుతుంది. నిమ్మపసుపు అలా కాదు, బంగారు పసుపుతో కలిస్తే ఆ తరంలో దాక్కుంటుంది. కాబట్టి టీచరు గారి పెద్ద పువ్వు మీద చుట్టుపక్కల ఎర్ర మొక్కల పుప్పొడి పడి ఉంటే రెండో విడతలో ఎక్కడో ఒక ఎర్ర వలయమైనా కనిపించాలి. కనిపించలేదు. అంటే ఆగస్టు మడిలో ఆ చిన్న మొక్క తప్ప ఎర్రవి దాదాపు లేవు. అవి పూతకు రాకముందే పోయాయి.

అయితే ఎప్పుడు పోయాయి? జాబితా రాసుకుంటే ప్రతి మెట్టులోనూ ఒకటే పని జరిగింది. గింజ ఏరేటప్పుడు చిన్నవి పక్కకు వెళ్లాయి. పాదులో ఆలస్యంగా మొలిచింది పీకుడుకు పోయింది. దండిగా వేసిన ఎరువుతో ఎత్తు రకాలు దుబ్బుగా పెరిగి పొట్టి రకాల మీద నీడ కప్పాయి. బోరు నీళ్లలో కరిగిన ఉప్పుల్ని టీడీఎస్ మీటరుతో చూస్తే లీటరుకు రెండు వేల మిల్లీగ్రాములు దాటింది. కుండీల అంచులకు తెల్లటి పొర కట్టి ఉంది. ముదిరిన పొద్దుతిరుగుడు కొంత ఉప్పును తట్టుకుంటుంది గానీ మొలక దశలో ఓర్చుకోలేదు. నీరసంగా ఉన్నవే ముందు పోతాయి. అక్టోబరు నీటి నిల్వ కూడా అంతే. చివరికి గింజ తీసింది అన్నిటికన్నా పెద్ద పసుపు పువ్వులోంచి.

మిక్స్ ప్యాకెట్ అంటే ఒక రకం కాదు, వేర్వేరు వేగంతో పెరిగే పది రకాల పిల్లల్ని ఒకే క్లాసులో కూర్చోబెట్టడం. టీచరు గారికి ఈ మాటే చెప్పాను. "ఫస్ట్ ర్యాంకు వాళ్లనే ఉంచి మిగతా వాళ్లను ఇంటికి పంపానన్నమాట" అని నవ్వారు.

వంకాయ నారులో బలమైనది ఉంచడం సరైన పద్ధతే, అక్కడ అన్నీ ఒకే రకం. ఇక్కడ బలమైనది అంటే ఎక్కువగా ఎత్తు పసుపు రకం.

డిసెంబరు మడి

మిగిలిన గింజలు ఇరవై నాలుగు. అవన్నీ ఆవిడ వద్దనుకున్నవే, అంటే మాకు కావలసినవే. కొత్త ప్యాకెట్ కొందామా అన్నారు. వద్దన్నాను. కొత్తది కొని రంగులు వస్తే పాతది నకిలీ అనే అనుమానం అలాగే మిగిలిపోతుంది.

సంక్రాంతి మాట మొదట్లోనే తేల్చేశాం. విత్తనం నుంచి పువ్వుకు రెండు నెలలు, కాస్త అటూ ఇటూ. జనవరి మధ్యకు పూయాలంటే నవంబరు మధ్యకల్లా వేసి ఉండాలి, అది ఈశాన్య రుతుపవనాల నడిమధ్య. మన తీరంలో వాయుగుండాల బెడద డిసెంబరు సగం దాకా ఉంటుంది. అందుకని డిసెంబరు మధ్యలో వేసి శివరాత్రి నాటికి పూలు చూద్దామని ఒప్పించాను. మనవరాలికి వీడియో కాల్‌లో చూపిస్తానన్నారు, కొంచెం నిరాశగానే.

గింజ రెండేళ్ల నాటిది, మొలక శాతం తెలియదు. మామూలుగా అయితే పది గింజలు పరీక్షకు పెడతాం. ఇరవై నాలుగులో పది పోగొట్టుకోలేం కాబట్టి అన్నిటినీ తడి నూలు గుడ్డలో పరిచి, డబ్బాలో పెట్టి మూత వదులుగా వేశాం. తెల్లటి వేరు మొన కనిపించిన గింజను కనిపించినట్టు తీసి నాటడమే. పరీక్షా జరుగుతుంది, గింజా వృథా కాదు. పోల్చి చూడటానికి రెండో విడత పసుపు గింజలు కొన్ని అదే డబ్బాలో ఇంకో గుడ్డలో పెట్టించాను. పసుపువి మూడో రోజుకు మొన చూపించాయి. చారల సన్నవి ఐదో రోజు, ఆరో రోజు. రెండేళ్ల పాత గింజ కాబట్టి ఈ తేడాలో కొంత వయసుదీ ఉంటుంది. అయినా జూన్ పాదులో ఏం జరిగిందో ఆ డబ్బాలో కళ్లముందు కనిపించింది. ముందు లేచినది రెండాకులు వేసేసరికి రెండోది ఇంకా నెత్తిమీది పొట్టు టోపీ దించుకోలేదు, ఆవిడ చేయి దాని మీదికి వెళ్లింది.

ఇరవై నాలుగులో పదిహేడు మొలకెత్తాయి.

మడి సిద్ధం చేయడంలో పెద్ద విశేషం లేదు. రేగడిలో ఇసుక, చివికిన ఎరువు కలిపి జానెడు ఎత్తు కట్ట పోశాం, నీళ్లు నిలవకుండా. ఎరువు ఆవిడ వేసేదాంట్లో మూడో వంతే వేయించాను. నత్రజని ఎక్కువైతే ఆకు పెరిగి పువ్వు వెనకబడుతుంది. ఒక వేలి కణుపు లోతు, మూరెడు దూరం, పాదుకు ఒక్కటే మొలక, పీకుడు ఉండదు. మొలకెత్తిన మొదటి మూడు వారాలు కుళాయి నీళ్లే, ఆ తర్వాత బోరు. కుళాయి రాని రోజుకు రెండు డ్రమ్ములు పట్టి ఉంచారు.

వరసల అమరిక మీద ఎక్కువసేపు ఆలోచించాం. పదిహేడింటినీ కలగలిపి వేస్తే మళ్లీ పొడుగువి పొట్టివాటిని కప్పేస్తాయి. ముందే మొలిచినవి గోడ వైపు వెనక వరసలో, ఆలస్యంగా మొలిచినవి ఇంటి వైపు ముందు వరసలో పెట్టాం. మధ్యాహ్నం దాకా ఎండ తూర్పు, దక్షిణాల నుంచి వస్తుంది కనుక అప్పటిదాకా ముందు వరస మీద వెనక వరస నీడ పడదు. మొలక వేగం తప్ప మాకు అప్పటికి వేరే ఆనవాలు లేదు.

మళ్లీ వాన వస్తుందేమోననే భయంతో ఐదు మొలకల్ని మాత్రం వరండాలో పెంచాం. మూడు న్యూస్ పేపర్ గొట్టాల్లో, రెండు ప్లాస్టిక్ టీ గ్లాసుల్లో. ఈ మొక్కది తల్లివేరు, నాటు మార్చడం దీనికి గిట్టదని తెలుసు. పేపర్ అయితే గొట్టంతో సహా పాతేయవచ్చు. పేపర్ గొట్టాలవి రెండు నిజమైన ఆకులు వేయగానే మడిలోకి వెళ్లాయి, వాటికి ఏమీ కాలేదు. గ్లాసులవి ముసురు పట్టి మూడు వారాలు ఆలస్యమయ్యాయి. గ్లాసు కోసి చూస్తే వేరు అడుగున రెండు చుట్లు తిరిగి ఉంది. నాటినా అవి మోకాలు దాటలేదు. ఒకటి రూపాయి బిళ్లంత పువ్వు పూసింది, రెండోది మొగ్గలోనే ఎండిపోయింది.

దక్కినవి, దక్కనివి

నాలుగో వారంలో ముందు వరసలో కొన్ని మొక్కలకు ఆకు కాడలు, కాండం ఊదా ఎరుపుకు తిరిగాయి. టీచరు గారు చలికి భాస్వరం అందలేదేమో అని అడిగారు. ప్రశ్న మంచిదే. భాస్వరం లోపమైతే ముదురు ఆకుల అడుగు కూడా ఊదా అవుతుంది, పెరుగుదల ఆగుతుంది. ఇక్కడ ఆకు పచ్చగా ఉంది, పక్క మొక్క మామూలుగా ఉంది. ముదురు ఎరుపు రకాల్లో కాండానికి కూడా ఆ రంగు తరచుగా వస్తుంది. ఎరువేమీ వేయొద్దని, ఆ మొక్కలకు నూలు పోగు కట్టి ఉంచమని చెప్పాను. జూన్‌లో ఇలాంటి కాడలు చూసి "జబ్బు మొక్క" అని పీకినవి కూడా ఉన్నాయని ఆవిడ అప్పుడు గుర్తు చేసుకున్నారు. మా జాబితాలో లేని మెట్టు అది.

ఒక మొక్కకు లేత ఆకులు మెలిపడి, కాడ మీద నల్ల చారలు వచ్చి తల వంగింది. తామర పురుగు (త్రిప్స్) ద్వారా వచ్చే నెక్రోసిస్ వైరస్, అంటే ఆకు, కాడ చచ్చి నల్లబడే తెగులు, లక్షణాలు ఇవి. 2000లో అనంతపురం వేరుశనగను ఊడ్చేసింది ఈ వైరసే. వయ్యారిభామ పుప్పొడిలో ఇది ఉంటుంది, పురుగు మోస్తుంది. మందు లేదు కాబట్టి ఆ మొక్కను పీకి దూరంగా పడేయించి, ప్రహరీ అవతల వయ్యారిభామను పూత రాకముందే కూలీని పెట్టి పీకించారు. ఇంకో మొక్కను వేరు దగ్గర పురుగు కొరికేసింది.

నూనె పంటకు పువ్వు విచ్చే దశలో లీటరు నీటికి రెండు గ్రాముల బోరాక్స్ కొట్టమని పొలంలో చెప్తాం, గింజ నిండడానికి. పూలు చూడటానికి వేసిన మడికి ఆ ఖర్చు దండగ అనిపించింది, చెప్పలేదు.

ఫిబ్రవరి రెండో పక్షంలో పూత మొదలైంది. ఎండిన మొగ్గను వదిలేస్తే పద్నాలుగు మొక్కలు పూశాయి. మామూలు పసుపు మూడు, నిమ్మపసుపు మూడు, ఎర్ర వలయం ఉన్నవి నాలుగు, ముదురు ఎరుపు మూడు, పొద్దున చూస్తే నలుపేమో అనిపించే కాఫీ రంగు ఒకటి. నూలు పోగు కట్టిన నాలుగింటిలో మూడు ముదురు ఎరుపే, నాలుగోది వలయం రకం. కొమ్మలు వేసే రకాలు మార్చి మధ్య దాకా పూస్తూనే ఉన్నాయి. మార్చి ఎండలు ముదిరాక అదే మొక్క మీద చివరి పూలు ఇటుక రంగుకు దిగాయి. దుకాణంలో చెప్పిన మాట అక్కడికి నిజమైంది.

పూలన్నీ ఇంటి వైపు చూస్తున్నాయా అంటే, పెద్ద తలలు చూశాయి. కొమ్మల మీద చిన్న పూలు మాత్రం వాటి ఇష్టం వచ్చినట్టు తిరిగాయి.

విత్తనం దాచుకోవడం

ఇక్కడ ఆవిడ నన్ను వదల్లేదు. "మళ్లీ పెద్ద పువ్వులోంచి తీయను, సరే. మరి ఏ పువ్వులోంచి తీయాలి?"

ఒకే పువ్వుకు సంచి కట్టేస్తే చాలదు. చాలా రకాల్లో సొంత పుప్పొడితో గింజ సరిగ్గా పట్టదు. పుప్పొడే లేని హైబ్రిడ్ అయితే అసలు పట్టదు. కాబట్టి ఒకే రంగు మొక్కలు రెండింటిని ఎంచుకుని, రేకులు విచ్చకముందే రెండు తలలకూ పాత పంచె గుడ్డ సంచులు కట్టాలి. తల నడుమ చిట్టి పూల వలయాలు ఒక్కొక్కటిగా విచ్చేకొద్దీ, వారం పది రోజులు, రోజు మార్చి రోజు పొద్దున సంచులు విప్పి, ఒక పువ్వు ముఖాన్ని ఇంకోదానికి మెల్లగా రాసి, మళ్లీ కట్టేయాలి. నిమ్మపసుపుకు ఇది తప్పనిసరి, తేనెటీగకు వదిలేస్తే మరుసటి తరంలో దాక్కునేది అదే. వలయం రకానికి అంత పట్టింపు అక్కర్లేదన్నాను, కలిసినా ఏదో ఒక ఎరుపు వస్తుంది, ఏం వస్తుందో చూడటం కూడా ఒక సరదా. కాఫీ రంగుది ఒక్కటే మొక్క కాబట్టి దాన్ని ముదురు ఎరుపుతో జత చేశాం.

చిలకలు గింజ తినకుండా కట్టిన మెరిసే రిబ్బన్లు మూడు రోజులు పనిచేశాయి. నాలుగో రోజు చిలకలు వాటి మీదే వాలాయి. సంచి కట్టిన తలలు మాత్రమే దక్కాయి. ఉడతలు ఒక సంచిని కొరికాయి.

తల వెనక పచ్చ పోయి పసుపు, ఆపైన గోధుమ తిరిగాక కోసి, నీడలో తలకిందులుగా వేలాడదీసి, రంగు వారీగా వేర్వేరు కవర్లలో వేశారు. కొత్త గింజను వెంటనే నాటితే కొన్ని మొలవక కంగారు పడతారని, కొన్ని రకాలకు నెలన్నర రెండు నెలల దాకా నిద్ర ఉండొచ్చని చెప్పి ఉంచాను. ఈసారి కవరు మీద ఆవిడ రాసుకున్నది రంగు పేరు, కోసిన తేదీ, కింద ఒక మాట: "ఏరవద్దు, అన్నీ వేయాలి." నిమ్మపసుపు కవర్లో గింజలు తక్కువే. ఆ రెండు తలల్లో ఒకటి ఉడత కొరికినది.